మీరాయనకి ఏమవుతారు?

నార్‌డాల్, విస్కాన్సిన్
1986 మార్చి 9

థోరా వదినకి,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. బద్ధకించి జవాబు రాయలేదనుకోకు. "ఇక్కడ అంతా కులాసా" అని మొదలుపెట్టడం, ఆ ఒక్క ముక్కా అబద్ధమని కాగితం ఉండచుట్టి పొయ్యిలో పడెయ్యడం, ఇదే పనైంది. ఇవాళ ఆ ముక్క లేకుండానే మొదలుపెట్టాను.

మీ తమ్ముడు హాల్వర్‌కి బాగాలేదు. ఒంటికేమీ లేదు. ఒళ్లు దుక్కలా ఉంది. ఇవాళ పొద్దున్నే వాకిట్లో మోకాలిలోతు మంచు ఒక్కడే ఎత్తిపోశాడు. ఎత్తిపోసి లోపలికొచ్చి, చేతులు కాచుకుంటూ, "మంచు ఎవరు తీశారు ఆర్లీ?" అని నన్నే అడిగాడు.

పోయిన అక్టోబరులో చీజ్ ఫ్యాక్టరీ మూసేశారని రాశాను కదా. ఈ జబ్బు దానికి ముందే మొదలైందట. అక్కడ ఒకే చీజ్ తొట్టెలో రెండుసార్లు ఉప్పు వేశాడట, పెళ్లికి ముందునుంచీ కళ్లు మూసుకుని చేస్తున్న పనిలో. ఫోర్‌మన్ ఎకెర్న్ ఆ తొట్టెడూ పందులకి పోయించి గుట్టుగా ఉంచాడు. ఫ్యాక్టరీ పోతుందన్న దిగులుతో పరధ్యానంగా ఉన్నాడనుకున్నాం అందరం. క్రిస్మస్ నాడు చర్చిలో నా చెవి దగ్గరకి వంగి, "అమ్మ ఎక్కడ కూర్చుంది?" అన్నాడు. అత్తగారు పోయి ఎన్నేళ్లయిందో నీకు తెలుసు. నేను "ఇంట్లో ఉంది" అనేశాను. ఎందుకలా అన్నానో నాకే తెలీదు.

పెద్దాసుపత్రికి తీసుకెళ్తే తల లోపల ఫొటోలు తీశారు. మెదడు కుంచించుకుపోతోందట. యాభై ఎనిమిదేళ్లకి. మందు లేదని డాక్టరు వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పాడు. "ఎన్నాళ్లు మనలో మనిషిలా ఉంటాడు?" అని అడిగితే, "చెప్పలేను. శరీరం గట్టిది. అదే కష్టం" అన్నాడు.

ఇన్సూరెన్సు ఏమైందని అడుగుతావు. ఫ్యాక్టరీ గేటుకి తాళం పడ్డ నెలాఖరుకే అదీ పోయింది. కొత్తది తీసుకుందామని కంపెనీలకి ఫోన్లు చేశాను. జబ్బు పేరు వినేదాకా ఎంతో మర్యాదగా మాట్లాడారు. విన్నాక ఇంకా మర్యాదగా మాట్లాడి పెట్టేశారు. ప్రభుత్వం ముసలివాళ్లకిచ్చేది అరవై అయిదు నిండితేగాని రాదు. పని చెయ్యలేనివాళ్లకి ముందే ఇస్తారట గానీ దానికీ రెండేళ్లు ఆగాలి. ఆగినా అది ఆసుపత్రి ఖర్చుకే. మనిషిని రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండటానికి ఒక్క సెంటు రాదు. స్కూలు వంటింట్లో నా పని సగం పూట కాబట్టి అక్కడ నాకే దిక్కు లేదు, ఇక ఆయనకెక్కడిది.

నీ తుంటి ఎలా ఉంది? వానల్లో నడకలకి పోకు.

ఆర్లిస్

*

టకోమా, వాషింగ్టన్
మార్చి 24

ఆర్లిస్,

నీ ఉత్తరం గుమ్మంలో నిలబడే చదివాను. చదివాక కూర్చున్నాను.

కానీ ఒకటి చెప్పనా, మావాడు చిన్నప్పటినుంచీ అంతే. తొమ్మిదేళ్లప్పుడు పాలక్యాను మోసుకుంటూ బడికి పోయి, పుస్తకాల సంచీ ఆవులకొట్టంలో వదిలేశాడు. అప్పుడు తల ఫొటో తీయించి ఉంటే అప్పుడూ మెదడు పోయిందనే అనేవాళ్లు. డాక్టర్లకి కొత్త యంత్రం ఒకటి వచ్చిందంటే దాంట్లోకి దూర్చడానికి తలకాయలు కావాలి. పని పోయిన మగాడు అలాగే ఉంటాడు. చేతికి ఏదో ఒక పని అప్పజెప్పు.

ఇన్సూరెన్సు సంగతి నువ్వు సరిగ్గా అడిగి ఉండవు. ఫోన్లో నువ్వు మరీ నంగినంగిగా మాట్లాడతావు. మా ఆయన కార్ల్ పోయేముందు గుండె జబ్బుతో నెలన్నర ఆసుపత్రిలో ఉన్నాడా, ఓడల కార్ఖానా యూనియన్ వాళ్లే అన్నీ చూసుకున్నారు. కాఫీకి తప్ప నేను పర్సు తియ్యలేదు. గట్టిగా అడిగేవాళ్లకి అన్నీ దొరుకుతాయి.

ఆ ముసలివాళ్ల హోమ్‌ల మాట మాత్రం నా దగ్గర ఎత్తకు. అమ్మ నాన్నని చివరిదాకా వంటింటి పక్క గదిలోనే చూసుకుంది. ఎవరి చేతుల్లోనూ పెట్టలేదు.

తుంటి మార్చాలంటున్నారు. నాకు తొందరేం లేదు. వాడికి అక్క ముద్దులు.

థోరా

*

నార్‌డాల్
జూన్ 15

వదినా,

కోడిగీతల్లా ఉన్న నా రాత చూసి ఏమనుకుంటావో. కుడిచేతి మణికట్టు విరిగింది.

చేతికి పని అప్పజెప్పమన్నావు. కట్టెలు కొట్టమని చెప్పాను. కొట్టాడు, బాగానే కొట్టాడు, తర్వాత కోళ్లగూడు కూడా కొట్టేశాడు. మే నెలలో ఒకరోజు నేను స్కూల్లో ఉండగా ఉత్త మేజోళ్లతో ఫ్యాక్టరీకి బయల్దేరాడు. షెరీఫ్ ఆఫీసు కుర్రాడు కనిపెట్టి తీసుకొచ్చాడు. గేటు ఊచలు పట్టుకుని, "పాలు విరిగిపోతాయిరా, తలుపు తియ్యండిరా" అని బతిమాలుతున్నాడట. ఆ కుర్రాడి నాన్న అదే ఫ్యాక్టరీలో చేసినవాడు. వాడు కళ్లు తుడుచుకుంటుంటే నేను వాడికి కాఫీ ఇచ్చి ఓదార్చాల్సి వచ్చింది.

చెయ్యి సంగతి. వంటింట్లో వెనకనుంచి వెళ్లాను, అది నా తప్పు. దొంగననుకున్నాడు. మెలిపెట్టాడు. ఎముక చప్పుడు విని తనే భయపడిపోయి, "ఎవరు చేశారు ఆర్లీ, చెప్పు, వాడి పని పడతాను" అన్నాడు. క్లినిక్‌లో ఫొటో తీస్తామంటే వద్దని కట్టు కట్టించుకుని వచ్చేశాను. కాస్త వంకరగా అతుక్కుంటోంది.

ఇంక నా వల్ల కాదు వదినా. అత్తగారు మామగారిని చూసుకున్నారంటే ఆయన మంచంలో పడుకున్న మనిషి. ఈయన నడుస్తాడు, పొయ్యి వెలిగిస్తాడు, తలుపులు విరగ్గొడతాడు. పైన్ రిడ్జ్ హోమ్‌లో మంచం ఖాళీ ఉంది. నెలకి వాళ్లడిగేది ఈయన బాగా సంపాదించిన రోజుల్లో రెండు నెలల జీతం కంటే ఎక్కువ. కౌంటీ ఆఫీసుకి వెళ్లాను. గట్టిగానే అడిగాను. అక్కడి ఆవిడ చెప్పింది: ముందు మీకున్నది మీరు ఖర్చుపెట్టండి. బ్యాంకులోది, తర్వాత ఆయన పేరునున్న నలభై ఎకరాలు. ఉండే ఇల్లు ముట్టుకోం. అంతా అయిపోయాక, మీరు నిజంగా లేనివాళ్లయ్యాక, కౌంటీ చూసుకుంటుంది.

"తర్వాత నేనెట్లా బతకాలి?" అన్నాను.

"అది మా విభాగం కాదండి" అంది. చెడ్డ మనిషేం కాదు, అలా అని తలవంచుకుంది.

ఆ నలభై ఎకరాలు మామగారివి. నీ వాటా కూడా అందులోనే కలిపి తమ్ముడికి ఇచ్చావు. నీ మాట లేకుండా ఏమీ చెయ్యను. ఏం చెయ్యమంటావు?

ఆర్లిస్

*

టకోమా
జులై 1

ఆర్లిస్,

అమ్మొద్దు.

ఆ అడవిలో మేపుల్ చెట్లకి కన్నాలు పెట్టి నాన్న పాకం తీసిన డబ్బుతోనే మేం ఇద్దరం బూట్లు తొడిగాం. అక్కడే చెట్టు మీదపడి ఆయన చెయ్యి పోయింది. నా వాటా తమ్ముడికిచ్చింది కౌంటీవాళ్లు నమిలెయ్యడానికి కాదు. ఎవరో చేసిన చట్టం కోసం మనం అడుక్కుతినేవాళ్లమవ్వాలా? మంచి లాయరుని పట్టుకో. ఏం చేస్తావో, ఎలా చేస్తావో నాకు తెలీదు. నేల మాత్రం పోకూడదు.

వాణ్ణి హోమ్‌లో పెట్టడం తప్పదంటే పెట్టు. ఈ మాట రాయడానికి రెండురోజులు పట్టింది.

ఆ చెయ్యి సరిగ్గా చూపించుకో. వంకర మణికట్టుతో లెఫ్సే రొట్టెలు ఎలా వత్తుతావు? నేను నేర్పిన విద్య అది, పాడుచెయ్యకు.

థోరా

*

నార్‌డాల్
అక్టోబరు 19

వదినా,

ఇన్నాళ్లూ రాయనందుకు తిట్టుకో. హాల్వర్ సెప్టెంబరునుంచి పైన్ రిడ్జ్‌లో ఉన్నాడు. కిటికీలోంచి పొలం కనిపిస్తుంది. ఆవుల్ని లెక్కపెడతాడు. రోజూ స్కూలు వంటయ్యాక వెళ్లి తినిపించి వస్తున్నాను.

నేల ఉంది. లాయరు దొరికాడు, మంచివాడు. ఎలా కుదిరిందని మాత్రం అడగకు. రాతలో ఏదీ పెట్టొద్దని గట్టిగా చెప్పాడు, నీకు కూడా. నా మీద నమ్మకం ఉంచు.

ఇక్కడ ఆకులన్నీ రాలిపోయాయి. ఉదయం బకెట్లో నీళ్ల మీద పొర కడుతోంది.

ఆర్లిస్

*

టకోమా
నవంబరు 8

శ్రీమతి ఆర్లిస్ గారికి,

మా చిన్నాన్న కూతురు సెల్మా ఫోను చేసింది. చర్చిలో మీ వెనక వరసలో కూర్చునే సెల్మా. ఆవిడకి నా మీద ప్రేమ లేదు, మీ మీద కోపమూ లేదు. చూసింది చూసినట్టు చెప్పింది.

మీరు ఆగస్టులో కోర్టుకెళ్లి విడాకులు పుచ్చుకున్నారట. ఇల్లూ, బ్యాంకులోదీ, నలభై ఎకరాలూ మీ పేర రాయించుకున్నారట. వేలికి ఉంగరం లేదట. పెరట్లో ఎవరో మగమనిషి ట్రక్కు పొద్దున్నా సాయంత్రం నిలబడి ఉంటోందట.

నేల పోకూడదన్నాను, నిజమే. మీకు పోవాలని అనలేదు.

అడగకు అన్నారు, నమ్మకం ఉంచమన్నారు. మతి తప్పినవాడి చేత సంతకం పెట్టించుకోవడానికి ఎంతసేపు పట్టింది? ముప్పై ఏళ్లు మిమ్మల్ని నా చెల్లెలనుకున్నాను. నా పెళ్లినాటి వెండి చెంచాలు మీ చేతికిచ్చాను. ఉంచుకోండి, అవీ మీవే.

తనకేం జరిగిందో మా తమ్ముడికి తెలియాలి. వాడికి విడిగా ఇవాళే రాశాను.

థోరా లిండాల్

*

నార్‌డాల్
నవంబరు 23

థోరా వదినకి,

"మీరు" అని రాశావు. ముందు అది చూసి వేరెవరికో రాసిన ఉత్తరం నాకొచ్చిందనుకున్నాను.

లాయరు వద్దన్నా ఇప్పుడంతా రాస్తున్నాను. చదివి కాల్చెయ్యి. ఇది బయటపడితే, ఉత్తుత్తి విడాకులని కౌంటీకి తెలిస్తే, హాల్వర్‌ని హోమ్‌నుంచి పంపేస్తారు, ఇచ్చినదంతా కట్టమంటారు.

ఆగస్టులో ఒకరోజు మీ తమ్ముడు తెల్లారి లేచేసరికి పాత మనిషిలా ఉన్నాడు. అలాంటి రోజులు అప్పుడింకా వచ్చేవి. నేను వెంటనే లాయరుకి ఫోను చేస్తే మా వంటింటికే వచ్చాడు. ఆయన తిప్పితిప్పి చెబుతుంటే హాల్వర్ మధ్యలో ఆపి, "అంటే నాకున్నదంతా ఆర్లీకి పోతుంది, నేను దరిద్రుణ్ణవుతాను, దరిద్రుణ్ణి కౌంటీ పోషిస్తుంది. అంతేగా?" అన్నాడు. అంతేనన్నాడు లాయరు. "మరి దానికి ఇంత ఇంగ్లీషెందుకు? కానియ్యి" అన్నాడు. నేనే వద్దన్నాను వదినా. నేనే ఏడ్చాను. "ఆర్లీ, రేపు నాకు ఈ మాటే గుర్తుండదు. గుర్తున్నప్పుడే చెయ్యనీ" అన్నాడు.

కోర్టులో జడ్జి అడిగాడు, ఈ వివాహం ఇక నిలబడే ఆశ లేదా అని. మీ తమ్ముడు లేచి, "ఆవిడ కాఫీ మరీ పలచగా పెడుతుందండి. చాలా ఏళ్లు ఓర్చుకున్నాను" అన్నాడు. జడ్జి మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఆయనకి తెలుసు. అక్కడందరికీ తెలుసు. బయటికొచ్చాక మెట్లమీద నా చెయ్యి పట్టుకుని, "ఇంటికేగా?" అన్నాడు. ఇంటికే వెళ్లాం. బంగాళదుంపలు వేయించాను.

ఉంగరం దారానికి కట్టి మెడలో, గౌను లోపల వేసుకున్నాను. ఆ ట్రక్కు పాల వ్యాను నడిపే కుర్రాడిది. పైగది అద్దెకిచ్చాను, ఆ అద్దెతోనే ఇంట్లో వెచ్చదనం. సెల్మాకి కావలిస్తే వచ్చి వాడి సాక్సులు వాసన చూసి వెళ్లమను.

నీ ఉత్తరం హోమ్‌లో పనిచేసే పిల్ల చదివి వినిపించింది. ఆ పిల్లకేం తెలుసు, ఉత్తరం వచ్చిందని సంతోషంగా చదివింది. ఆయన మళ్లీ చదవమన్నాడట. మళ్లీ చదివింది. వదినా, ఆయనకి తను తిన్నది లేనిది గుర్తుండదు, సగం మాట చెప్పేసరికి మొదటి సగం పోతుంది. నీ ఉత్తరం ఒక్కటి పోలేదు. నేను వెళ్లగానే గోడకి జరిగిపోయి, "నేల నీ పేర రాయించుకుని నన్ను వదిలేశావటగా, అక్క చెప్పింది" అన్నాడు. చెంచా నోటి దగ్గర పెడితే మూతి తిప్పుకున్నాడు. ఆయన చెవిలో రహస్యంగా జరిగిందంతా చెప్పాను. విన్నాడు, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, "పిచ్చిదానా, నువ్వెందుకు పోతావు" అన్నాడు. నేను గిన్నె కడిగి వచ్చేలోపు ఆ మాట పోయింది, నీ మాట మిగిలింది. రోజూ ఇదే. రోజూ మొదటిసారి వింటున్నట్టే తెల్లబోతాడు.

ఆయన ఇప్పుడు నా చేతి మీదుగా తినడు. ఇదీ సంగతి.

ఆర్లిస్

*

టకోమా
డిసెంబరు 5

ఆర్లిస్,

కాల్చేశాను.

క్షమించమని అడిగే మొహం లేదు, అడగను. సెల్మాకి ఫోను చేశాను. నిజం చెప్పకూడదు కాబట్టి నోరు మూసుకోమని మాత్రం చెప్పాను. ఎందుకని అడిగింది. నేను పెద్దదాన్ని, అందుకని అన్నాను.

దీంతో పాటు తమ్ముడికి ఇంకో ఉత్తరం పెట్టాను. రెండే వాక్యాలు. ఆర్లిస్ ఎక్కడికీ పోలేదు, అక్క పొరబడింది. రోజూ చదివించు. ఆ మాట దిగితే ఈ మాట ఎందుకు దిగదు? ఫోనులో వాడితో మాట్లాడనా? చెప్పు, ఏం చెయ్యమన్నా చేస్తాను.

నీకు అడగడం చేతకాదన్నాను. కార్ల్ యూనియన్ ఇన్సూరెన్సు ఉందని విర్రవీగాను కదా, కొత్త సంవత్సరంనుంచి పోయినవాళ్ల భార్యలకి ఇవ్వరట. కార్ఖానా చేతులు మారింది. నేను ఫోను చేసి గట్టిగా అరిచాను. అరుస్తుంటే అటువైపు ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా వింది. నీ ఉత్తరంలో ఆ ముక్క అప్పుడు అర్థమైంది. ప్రభుత్వానిది ఉంది కాబట్టి రోడ్డున పడను గానీ, తుంటి ఆపరేషన్‌లో నా వంతు కట్టలేను. కర్రతో తిరుగుతాను.

నీ థోరా వదిన

*

నార్‌డాల్
1987 ఫిబ్రవరి 1

వదినా,

నీ రెండు వాక్యాలూ రోజూ చదివించాను. ప్రతిసారీ "మంచిది" అంటాడు. మళ్లీ అదే చూపు. ఫోను వద్దు, నీ గొంతు వింటే ఏది పైకొస్తుందో.

కానీ ఒకటి జరిగింది. ఒకరోజు బస్సు ఆలస్యమై, స్కూలు వంటింట్లోంచి జుట్టుకి కట్టిన తెల్ల టోపీతోనే పరుగెత్తుకుంటూ వెళ్లాను. కళ్లద్దాలు ఆవిరిపట్టి ఉన్నాయి. "కొత్తగా చేరారా?" అన్నాడు నన్ను చూసి. అవునన్నాను. సూపు గిన్నెడూ తాగాడు. ఇంకా ఉందా అని అడిగాడు.

అప్పటినుంచి ఆ టోపీ తియ్యకుండానే వెళ్తున్నాను. నేనిప్పుడు కొత్తమ్మాయిని. బరువు కాస్త పెరిగాడు. నాకు వాళ్లావిడ గురించి చెబుతాడు. "వంట బాగా చేసేది. కాఫీయే పలచన" అంటాడు. ఎక్కడుందని అడిగితే, "వెళ్లిపోయింది. నాతో విసుగెత్తిపోయి ఉంటుంది పాపం. నేనైనా పోదును" అంటాడు. నేను ఇంకో చెంచా పెడతాను. ఏం చెప్పను? ఏదైనా చెబితే టోపీ కింద మనిషి బయటపడుతుంది, మళ్లీ తిండి మానేస్తాడు.

నేను వెళ్లకపోతే కుదరదు కూడా. హోమ్‌ని వేరేవాళ్లు కొన్నారు. కౌంటీ డబ్బుతో ఉన్నవాళ్లందరినీ నడవా చివరి గదుల్లోకి మార్చారు. ఆ వైపంతటికీ ఒక్క పిల్ల. కుడిచేత్తో ఒకరికి, ఎడంచేత్తో ఒకరికి ముద్దలు పెడుతూ, మూడో ఆయన్ని కళ్లతో బెదిరిస్తూ ఉంటుంది. పాపం, చెడ్డది కాదు. హాల్వర్ మడమ మీద పుండు పడింది. నేనే చూసి నేనే కడిగాను. ఫిర్యాదు చేద్దామని ఆఫీసుకి వెళ్తే, "మీరాయనకి ఏమవుతారు?" అన్నారు. ఏమీ కానని చెప్పి వచ్చాను.

కొత్తమ్మాయికి జీతం ఎంతిస్తున్నారని నిన్న అడిగాడు. ఏమీ ఇవ్వరన్నాను. "యూనియన్‌లో చేరండి" అన్నాడు. చాలా రోజులకి నవ్వొచ్చింది, నీకు రాయాలనిపించింది.

నీ ఆర్లిస్

*

టకోమా
మార్చి 10

ఆర్లిస్,

ఆ రోజు ఆసుపత్రి ఫోను పెట్టేశాక ఎంతసేపు అక్కడే నిలబడ్డానో తెలీదు. నిన్న పాస్టరు గారు ఫోను చేశారు, అంత్యక్రియలు శుక్రవారం అన్నారు. ఈ కాలుతో నేను రాలేను. విమానం మెట్లే ఎక్కలేను. కాబట్టి నా వైపు జరిగింది నీకు రాసి పెడుతున్నాను. నీకు సగమే వినిపించింది కదా.

మంచానికి ఉతికిన దుప్పట్లు పరుస్తుంటే ఫోను మోగింది. "మీరు హాల్వర్ బ్రెకీ గారికి ఏమవుతారు?" అన్నాడు డాక్టరు. అక్కనన్నాను. మంచు తుఫానుకి రోడ్లు మూసుకుపోయినప్పుడు హోమ్‌లో తినిపిస్తుంటే ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోయిందనీ, నిమోనియా అయిందనీ, ఆసుపత్రికి తెచ్చారనీ చెప్పాడు. గొంతులోకి గొట్టం వేసి యంత్రం పెట్టమంటారా, వద్దంటారా, దగ్గరి బంధువు మీరే చెప్పాలి అన్నాడు.

"అక్కడ ఆర్లిస్ లేదా? ఆమెనడగండి" అన్నాను.

"ఇక్కడ ఒకావిడ ఉన్నారు. కానీ కాగితాల ప్రకారం ఆవిడ ఆయనకి ఏమీ కారు" అన్నాడు.

నేను ఏమన్నానో అది పాస్టరు గారి ముందు చెప్పే మాట కాదు. ఫోను ఆమెకివ్వకపోతే నేనేదీ చెప్పనన్నాను. అప్పుడిచ్చాడు. నువ్వు చెప్పిందంతా నాకు గుర్తుంది. యంత్రం పెడితే ఊపిరొస్తుంది గానీ మనిషి రాడనీ, చేతులు కట్టేస్తారనీ, బాగున్న రోజున వాడే నిన్ను అడిగాడనీ, అలా ఉంచొద్దని. "నువ్వే చెప్పు వదినా, నా నోటితో చెబితే చెల్లదు" అన్నావు. డాక్టరు మళ్లీ ఫోను తీసుకున్నాక "గొట్టం వద్దు" అన్నాను. "మీ నిర్ణయమేనా?" అన్నాడు. "నాదే" అన్నాను. మాట నీది, పలికింది నేను. కనుక ఆ బరువు ఒక్కదానివే నెత్తిన పెట్టుకోకు. సగం ఇటు పంపించు.

నేను ఆ ఉత్తరం రాయకపోయి ఉంటే అని మొదలుపెడతాను, తర్వాత ముందుకు సాగదు.

సెల్మాకి ఇప్పుడంతా చెప్పేశాను. ఇక కౌంటీవాళ్లు ఏం చేసుకుంటారో చేసుకోమను. ఆ నేల అమ్మెయ్యి. నాన్న ఏమీ అనుకోడు. అనుకుంటే నేను సమాధానం చెప్పుకుంటాను.

నీ వదిన

*

నార్‌డాల్
మార్చి 22

వదినా,

అన్నీ అయ్యాయి. మోసినవాళ్లందరూ ఫ్యాక్టరీవాళ్లే. ఎకెర్న్ ఊతకర్రతో వచ్చి ఒక చెయ్యి వేశాడు. పేపర్లో "ఆయనకు టకోమాలో సోదరి ఉన్నారు" అని ఒకే వాక్యం వేశారు. లాయరు అలాగే వెయ్యమన్నాడు. నేను చర్చిలో వెనక, తలుపు పక్కన కూర్చున్నాను. ఇంటివాళ్లు కూర్చునే ముందు వరస ఖాళీ. పాస్టరు గారు మొదలుపెట్టబోతుంటే సెల్మా లేచి, అందరూ చూస్తుండగా వెనక్కొచ్చి, నా మోచెయ్యి పట్టుకుని ముందు వరసకి తీసుకెళ్లి కూర్చోబెట్టింది. పక్కనే తనూ కూర్చుంది. తర్వాత చర్చి కింద గదిలో కాఫీల దగ్గర నా కప్పు తనే నింపింది. నేను తనతో మాట్లాడలేదు. ఇంకా చేతకాలేదు.

నేల ఇప్పుడే అమ్మను. కాస్త కలప అమ్మి లాయరుకి కడతాను. నాకు ఇన్సూరెన్సు తీసుకోమని నువ్వు ఫోనులో అన్నావని ఒక కంపెనీవాణ్ణి పిలిపించాను. రక్తపోటు ఉంది, మణికట్టు ముందే విరిగి ఉంది, కుదరదన్నాడు. కాబట్టి అరవై అయిదు వచ్చేదాకా నాకు జబ్బు చెయ్యకూడదు. ఇంకా పదేళ్లుంది.

ఫోనులో నీకు చెప్పనిది ఒకటుంది. "ఆవిణ్ణి లోపలికి పంపండి" అని నువ్వు డాక్టరు మీద అరిచినప్పుడు, రిసీవరు ఆయన చెవి దగ్గరుంటే నడవాలో ఉన్న నాకు వినిపించింది. పంపించారు. స్కూలునుంచి అలాగే వచ్చాను కదా, నెత్తిన టోపీ ఉంది. ఇక తినిపించేదేమీ లేదు కాబట్టి తీసేశాను. కుర్చీ మంచం దగ్గరకి లాక్కుని కూర్చున్నాను. చాలాసేపు ఊపిరి శబ్దమే. తర్వాత కళ్లు తెరిచి నన్ను చూశాడు. గోడకి జరుగుతాడేమోనని చూశాను. జరగలేదు, జరిగే శక్తి లేదు.

"మా ఆవిడ వస్తుందా?" అన్నాడు.

"వస్తుంది" అన్నాను.

"వస్తే కూర్చోమనాలి. ఇక్కడ కుర్చీ ఒకటే ఉంది" అన్నాడు. కుర్చీ వైపు చూసి, "మీరు కొంచెం లేవండి" అన్నాడు.

లేచి నిలబడ్డాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. మళ్లీ ఆ కుర్చీలోనే కూర్చున్నాను.

"వచ్చాను హాల్వర్" అన్నాను.

కళ్లు తెరవకుండానే, దుప్పటి కిందనుంచి చెయ్యి తీసి, ఇటు పెట్టాడు.

నీ మరదలు
ఆర్లిస్